చార్మినార్ దగ్గర ఎగిరే బొమ్మ అంగారకుడి మీద ఎగురుతుందా?

లాడ్ బజార్‌లో గాజుల బేరాలు ముగించుకుని చార్మినార్ వైపు బయటికొచ్చేసరికి చీకటి పడుతుంది. అమ్మీల చేతుల్లో గాజుల డబ్బాలు, పిల్లల చూపులేమో పైన. అక్కడ చిరువ్యాపారులు రబ్బరు బ్యాండుతో ఓ చిన్న బొమ్మను ఆకాశంలోకి వదులుతుంటారు. నీలం లైటుతో అది రివ్వున లేస్తుంది. పైన ఒక్క క్షణం ఆగి, రెక్కలు విప్పుకుని, గిరగిరా తిరుగుతూ నెమ్మదిగా కిందికి దిగుతుంది. పెద్దలు ధర తెంచేలోపు పిల్లలు నాలుగు ప్రశ్నలు వేసేస్తారు. ఇంకా ఎంత పైకి పోతుంది? చందమామ దాకా పోతుందా? వేరే గ్రహం మీద కూడా ఇలాగే తిరుగుతుందా?

చాలామంది అబ్బాలు "చుప్" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. కానీ ఆ ఆఖరి ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నేం కాదు. దానికి జవాబు వెతకడానికి ఇంజనీర్లకు దాదాపు పాతికేళ్లు పట్టింది. ఆ జవాబు కథలో మన మదనపల్లె పేరు కూడా వస్తుంది.

ఆరో రోజా నాటి కబురు

2021 ఏప్రిల్ 19, సోమవారం. హైదరాబాద్‌లో రంజాన్ ఆరో రోజా. కరోనా రెండో విడత ఊపందుకున్న రోజులవి. మామూలుగా రంజాన్ రాత్రుల్లో సెహ్రీ దాకా వెలిగే లాడ్ బజార్‌కు ఆ ఏడాది ఆ భాగ్యం లేదు. మర్నాడు, అంటే ఏప్రిల్ 20 రాత్రి నుంచే తెలంగాణలో నైట్ కర్ఫ్యూ మొదలైంది. జనమంతా ఆక్సిజన్ సిలిండర్ల వేటలో ఉండటంతో ఆ సోమవారం వచ్చిన ఇంకో కబురు చాలామంది చెవిన పడలేదు.

మన సమయం ప్రకారం సాయంత్రం సుమారు నాలుగుంపావుకు అమెరికాలోని కాలిఫోర్నియాలో, నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి ఒక సిగ్నల్ అందింది. ఆ ల్యాబ్‌నే పొట్టిగా జేపీఎల్ అంటారు. అక్కడ అప్పటికి ఇంకా తెల్లవారలేదు. సిగ్నల్ వచ్చింది అంగారకుడి నుంచి. ఉర్దూలో మనం మిర్రీఖ్ అనేది ఆ గ్రహాన్నే. కబురు ఏమిటంటే, ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్ నేల నుంచి 3 మీటర్లు లేచింది, గాలిలో నిలబడింది, మళ్లీ క్షేమంగా దిగింది. మొత్తం 39 సెకన్లు. ప్రాజెక్ట్ మేనేజర్ మీమీ ఆంగ్, అది ఎగరకపోతే చదవాలని రాసిపెట్టుకున్న కాగితాన్ని అందరి ముందూ చింపేశారు.

ఇంజిన్‌తో నడిచే విమానయంత్రం ఒకటి భూమి కాని వేరే గ్రహం మీద అదుపులో ఎగరడం అదే మొదటిసారి. 1903లో రైట్ సోదరుల మొదటి ప్రయాణం 12 సెకన్లు. వాళ్ల విమానం రెక్కకు చుట్టిన మస్లిన్ గుడ్డలో ఓ తపాలా బిళ్లంత ముక్కను ఇంజెన్యుటీకి కట్టి పంపారు.

ముప్ఫై తొమ్మిది సెకన్లకు ఇంత హంగామా ఎందుకు? పెళ్లిళ్లలో వీడియో తీసే డ్రోన్ అరగంట సేపు ఎగురుతోంది కదా? తేడా అంతా గాలిలో ఉంది.

జమా ఖర్చుల హిసాబ్

దుకాణం లెక్కలా చూస్తే సంగతి సులువుగా అర్థమవుతుంది.

ముందు జమ వైపు చూద్దాం. అంగారకుడు భూమి కన్నా చిన్న గ్రహం. దాని ఆకర్షణ మన దగ్గరి దానిలో 38 శాతమే. ఇంజెన్యుటీని ఇక్కడ తూకం వేస్తే 1.8 కిలోలు. అక్కడ అదే యంత్రం 680 గ్రాముల వస్తువంత తేలిక. ఇది మనకొచ్చిన లాభం.

ఇక ఖర్చు వైపు. ఏ విమానమైనా, హెలికాప్టరైనా గాలిని కిందికి తోసే తాను పైకి లేస్తుంది. తోయడానికి గాలి ఉండాలి. అంగారకుడి మీద గాలి చిక్కదనం మన దగ్గరి దానిలో ఇంచుమించు ఒక శాతమే. ఇంట్లో ఇనుప బీరువా ఉంటుంది కదా, సుమారు అంత జాగాలో పట్టే గాలి ఇక్కడ కిలో పైనే తూగుతుంది. అదే జాగాలో అంగారకుడి గాలి 20 గ్రాములకు మించదు. అందులోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే.

బరువు మూడో వంతుకు తగ్గిందని సంతోషిస్తే, గాలి నూరో వంతుకు పడిపోయింది. రెండూ సరిచూస్తే సుమారు 35 రెట్ల లోటు. ఆ లోటు పూడ్చడం ఎలాగన్నదే ఇంజనీర్ల ముందున్న ప్రశ్న.

అలాంటి గాలి భూమి మీద ఎక్కడా లేదా అంటే, ఉంది. మన నెత్తి మీదే, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు హైదరాబాద్ నుంచే ఎన్నో పరికరాలు వెళ్లాయి. ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లను అక్కడికి పంపుతోంది. "ఆకాశం నుంచి వింత వస్తువు పడింది" అని అప్పుడప్పుడు వార్తలొస్తాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగిన వస్తువును చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. అది ఈ కేంద్రం నుంచి లేచిన బెలూన్‌తో వెళ్లిందే.

బెలూన్ ఎలా వెళ్తుంది మరి? దాని పద్ధతే వేరు. అది గాలిని తోయదు. చుట్టూ ఉన్న గాలి కన్నా తేలికైన వాయువు నింపుకుని తేలుతుంది. అందుకే అంత పెద్దదిగా ఉబ్బాలి. ఎటు పోవాలో కూడా దాని చేతిలో ఉండదు, గాలివాటం ఎటుంటే అటే. కావాల్సిన చోటికి వెళ్లి, దిగి, మళ్లీ లేవాలంటే రెక్కలే కావాలి. రెక్కలున్న హెలికాప్టర్ భూమి మీద ఎంత ఎత్తుకు వెళ్లగలిగిందో చూస్తే కష్టం తెలుస్తుంది. 1972లో ఫ్రాన్స్ పైలట్ జా బూలే 12,442 మీటర్లు, అంటే సుమారు పన్నెండున్నర కిలోమీటర్లు చేరాడు. ఆ ఎత్తులో గాలి ఇంకా పావు వంతు మిగిలే ఉంటుంది. అంగారకుడి మీద లేచి నిలబడాలంటే ముప్ఫై కిలోమీటర్ల ఎత్తు గాలిలో ఆ పని చేసినట్టే.

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌ను చూడండి

రెక్క ఎంత మోయగలదన్నది ముఖ్యంగా మూడింటి మీద ఉంటుంది. గాలి చిక్కదనం, రెక్క వైశాల్యం, రెక్క తిరిగే వేగం. గాలిని మనం మార్చలేం. రెక్కను మరీ పెద్దది చేస్తే బరువు పెరుగుతుంది, పైగా అది రోవర్ బండి పొట్ట కింద మడిచి పెట్టేంత చిన్నదిగా ఉండాలి. మిగిలింది వేగం. ఇక్కడ ఒక మంచి సౌలభ్యం ఉంది. వేగం రెట్టింపు చేస్తే రెక్క మోసే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. వేగం ఆరు రెట్లు చేస్తే ఆరార్ల ముప్ఫై ఆరు. మన 35 రెట్ల లోటు దాదాపు పూడినట్టే.

ఈ అంకెలు కళ్లకు కట్టాలంటే ఇంటి పైకప్పు వైపు చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాన్ రెక్కల చుట్టు 1,200 మిల్లీమీటర్లు, అంటే 1.2 మీటర్లు. ఇంజెన్యుటీ రెక్కల చుట్టు కూడా సరిగ్గా 1.2 మీటర్లే. ఫ్యాన్ ఫుల్ స్పీడులో నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. ఇంజెన్యుటీ రెక్కలు 2,400 చుట్లకు పైగా తిరిగాయి. సెకనుకు నలభై చుట్లన్నమాట. ఫ్యాన్ బరువు మూడు, నాలుగు కిలోలు ఉంటుంది. ఇంజెన్యుటీలో మోటార్లు, బ్యాటరీలు, కెమెరాలు, కంప్యూటర్, కాళ్లు, సోలార్ పలక అన్నీ కలిపి 1.8 కిలోలే.

ఫ్యాన్ తన బరువు తాను మోయడానికి చేసింది కాదు గనుక పోలిక అచ్చంగా సరిపోదు. అయినా అంత సైజు రెక్కను అంత వేగంగా, అంత తక్కువ బరువులో తిప్పాలంటే ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇంకో చిక్కుంది. ఫ్యాన్‌ను కొక్కేనికి బిగిస్తాం కాబట్టి రెక్కలు ఒకవైపు తిరిగితే దాని ఒళ్లు రెండోవైపు తిరగదు. గాలిలో ఉన్న యంత్రానికి ఆ ఆసరా లేదు. అందుకే ఇంజెన్యుటీకి ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు పెట్టారు. ఒక జత కుడికి, ఒక జత ఎడమకు తిరుగుతుంది. రెండు తిప్పుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఒళ్లు నిలకడగా ఉంటుంది.

మరి చార్మినార్ దగ్గరి బొమ్మ సంగతి? అంగారకుడి మీద రబ్బరు బ్యాండుతో కొడితే అది ఇక్కడి కన్నా చాలా ఎత్తుకే పోతుంది. కిందికి లాగే బలం తక్కువ, అడ్డుకునే గాలీ తక్కువ. తంటా అంతా దిగేటప్పుడే. రెక్కలు పట్టుకోవడానికి గాలి ఉండదు గనుక, లెక్క ప్రకారం ఇక్కడి కన్నా సుమారు ఐదు రెట్ల వేగంతో వచ్చి నేలను కొడుతుంది. పాతబస్తీ పతంగులకూ ఇదే గతి. అక్కడ గంటకు 80 కిలోమీటర్ల గాలి వీచినా, పతంగికి తగిలే ఊపు ఇక్కడి 10 కిలోమీటర్ల పిల్లగాలంతే.

వేగం పెంచితే సరిపోదా?

అలాగైతే రెక్కల్ని ఇంకా ఇంకా వేగంగా తిప్పొచ్చు కదా అనిపిస్తుంది. దానికీ ఒక హద్దుంది. రెక్క కొస ధ్వని వేగానికి దగ్గరపడేకొద్దీ గాలి ప్రవాహం చెదురుతుంది, మోత బలం పడిపోతుంది, అదురు పెరుగుతుంది. భూమి మీద శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, చలితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ నిండిన అంగారకుడి మీద 240 మీటర్లే పోతుంది. అంటే హద్దు ఇంకా ముందుకు జరిగి కూర్చుంది. నిమిషానికి 2,400 చుట్ల దగ్గర ఇంజెన్యుటీ రెక్క కొస సెకనుకు 150 మీటర్లు, గంటకు లెక్కేస్తే 540 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అక్కడి శబ్దవేగంలో అది అరవై శాతం పైనే.

2021 చివర్లో రుతువు మారి అక్కడి గాలి ఇంకా పల్చబడినప్పుడు, చుట్లను 2,700కు పెంచక తప్పలేదు. హద్దుకు మరింత దగ్గరగా వెళ్లి నెగ్గుకొచ్చారు.

మూడో కష్టం పరీక్షల్లో బయటపడింది. భూమి మీద హెలికాప్టర్ రెక్కలు తిరుగుతూ పైకీ కిందికీ ఊగుతుంటాయి. చిక్కటి గాలి ఆ ఊపును ఎప్పటికప్పుడు అణిచేస్తుంది. నీళ్లలో చెయ్యి ఊపితే నీరు అడ్డుకున్నట్టు. పల్చటి గాలిలో ఆ అణచివేత ఉండదు. ఒకసారి మొదలైన ఊపు ఆగదు, యంత్రం మాట వినదు. అందుకే రెక్కలు మామూలు వాటి కన్నా చాలా బిర్రుగా ఉండాలని తేల్చారు. లోపల నురుగు లాంటి పదార్థం, పైన కార్బన్ ఫైబర్ పొర. తేలికగా ఉంటాయి గానీ వంగవు.

పరీక్ష చేయడం కూడా ఒక సమస్యే. అంగారకుడి గాలి కావాలి, అంగారకుడి బరువు కావాలి. జేపీఎల్‌లో 25 అడుగుల వెడల్పున్న పెద్ద ఉక్కు గది ఉంది. అందులో గాలి మొత్తం లాగేసి, కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ నింపారు. బరువు తగ్గించలేరు గనుక హెలికాప్టర్ నెత్తికి సన్నటి తాడు కట్టి, మోటారుతో కొలిచినట్టు పైకి లాగుతూ ఆ తేడా సరిచేశారు. 2016లో ఆ గదిలో మొదటిసారి యంత్రం అదుపులో ఎగిరింది. "అసలు కుదురుతుందా" అన్న అనుమానం అప్పటికి తీరింది.

జీతంలో మూడింట రెండొంతులు చలికే

లాడ్ బజార్ వెనక గల్లీల్లో లక్క గాజులు చేసే కారీగర్లకు వేడి, చలి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొయ్యి దగ్గర లక్క పిండిలా సాగుతుంది, చల్లారితే రాయిలా బిగుస్తుంది. ప్రతి వస్తువుకూ ఇలాంటి గుణం ఏదో ఒకటి ఉంటుంది. అంగారకుడి మీద రాత్రి చలి సున్నాకు 90 డిగ్రీల కింది దాకా పోతుంది. ఆ చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి, అతుకులు విడిపోతాయి.

ఇంజెన్యుటీకి ఉన్న సంపాదనల్లా నెత్తి మీద సోలార్ పలక పగటిపూట పట్టే ఎండే. దాంతో ఆరు చిన్న లిథియం బ్యాటరీలు నిండుతాయి. ఎగిరేటప్పుడు సుమారు 350 వాట్లు కావాలి. మన సీలింగ్ ఫ్యాన్‌కు 75 వాట్లు చాలు. కానీ బ్యాటరీలోని కరెంటులో మూడింట రెండొంతులు ఎగరడానికి కాదు, రాత్రి హీటర్లతో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే పోయేది. జీతమంతా ఇంటి కిరాయికి, బిల్లులకు పోయి చేతిలో కాస్త మిగిలే సంసారంలాంటిదే ఇదీ. ఆ మిగిలిన దాంతోనే రోజుకు నిమిషం, రెండు నిమిషాలు ఎగరడం.

2022 మే నెలలో దుమ్ము, చలికాలం కలిసొచ్చి ఒక రాత్రి బ్యాటరీ పూర్తిగా పడిపోయింది, గడియారం ఆగిపోయింది, సంబంధం తెగింది. తర్వాత ఎండకు అదే లేచి మళ్లీ పలికింది.

రిమోట్ పట్టుకునేవాళ్లు లేరు

పెళ్లి డ్రోన్‌కు కింద రిమోట్ పట్టుకుని ఒకతను ఉంటాడు. చెట్టు అడ్డమొస్తే పక్కకు తిప్పుతాడు. ఇంజెన్యుటీ మొదటిసారి ఎగిరిన రోజున భూమి నుంచి అంగారకుడికి రేడియో కబురు చేరడానికి పదిహేను నిమిషాలకు పైగా పట్టేది. జవాబు రావడానికి మళ్లీ అంత. యంత్రం ఎగిరేదేమో నిమిషం. అసలు మొదటి ప్రయాణం మన సమయం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకే అయిపోయింది. జేపీఎల్‌కు ఆ సంగతి తెలిసేసరికి మూడు గంటలు దాటింది. కాబట్టి ముందే చెప్పి పంపాలి, ఆ తర్వాత దాని తెలివి, దాని అదృష్టం.

గాలిలో నిలబడాలంటే ఆ యంత్రం సెకనుకు 500 సార్లు తనను తాను సరిదిద్దుకోవాలి. దానికి వేగంగా పనిచేసే, తేలికైన మెదడు కావాలి. అంతరిక్షం కోసమని తయారుచేసే గట్టి చిప్పులు ఆ పనికి చాలా నిదానం. అందుకే ఇంజనీర్లు అందరూ వాడే సెల్‌ఫోన్ చిప్పునే తీసుకున్నారు. అది క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 801. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5, వన్‌ప్లస్ వన్ ఫోన్లలో ఉన్నదీ ఈ రకమే. మన జగదీశ్ మార్కెట్‌లో ఆ ఫోన్లు విప్పి బాగుచేసిన చేతులు ఎన్నో ఉంటాయి.

ఇక దారి. అంగారకుడికి జీపీఎస్ లేదు. దిక్సూచి పనిచేసేంత అయస్కాంత బలమూ లేదు. ఇంజెన్యుటీ కిందికి చూసే కెమెరాతో సెకనుకు 30 ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోలో కనిపించిన రాయి, మచ్చ, తర్వాతి ఫొటోలో ఎంత పక్కకు జరిగిందో చూసి తానెంత కదిలిందో లెక్క కడుతుంది. లాడ్ బజార్ గల్లీల్లో మనం చేసేదీ అదే. బోర్డులు చూసి ఎవరు నడుస్తారు? అద్దాల గాజుల దుకాణం దాటాక కుడికి, అత్తరు దుకాణం దగ్గర ఎడమకు. గుర్తులే మనకు దారి.

ఈ పద్ధతిలో ఒక్క చిన్న తప్పు ఏం చేయగలదో 2021 మే 22న, ఆరో ప్రయాణంలో తెలిసింది. గాలిలో ఉండగా ఒకే ఒక్క ఫొటో గల్లంతైంది. దాంతో ఆ తర్వాతి ఫొటోలన్నింటికీ తప్పు టైము పడింది. తానున్న చోటు ఒకటి, తాననుకున్న చోటు ఇంకొకటి అయి యంత్రం తాగినవాడిలా ఊగింది. అయినా అనుకున్న జాగాకు 5 మీటర్ల లోపలే దిగింది. ఆఖరి నిమిషంలో, దిగేటప్పుడు ఫొటోల మీద ఆధారపడకూడదని ముందే రాసిన ఒక జాగ్రత్తే దాన్ని కాపాడింది.

మదనపల్లె నుంచి మిర్రీఖ్ దాకా

ఈ హెలికాప్టర్ ఆలోచన వెనకున్న మనిషి జె. బాబ్ బలరామ్. దక్షిణ భారతదేశంలో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో చదివారు. 1980లో ఐఐటీ మద్రాస్ నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా, తర్వాత అమెరికాలో పీహెచ్‌డీ, ఆపైన జేపీఎల్‌లో ఉద్యోగం.

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే ప్రయత్నాలు జరుగుతున్న 1960లలో ఆయన చిన్నపిల్లాడు. ఆ కుర్రాడి ఆసక్తి చూసి వాళ్ల అంకుల్ అమెరికా కాన్సులేట్‌కు ఒక ఉత్తరం రాశారు. నాసా గురించి, అంతరిక్షం గురించి ఏమైనా ఉంటే పంపమని. కొన్నాళ్లకు రంగురంగుల పుస్తకాలతో ఉబ్బిన కవరు ఇంటికొచ్చింది. ఈ సంగతి బలరామ్ తర్వాత చెప్పుకున్నారు.

1990లలో ఒక సదస్సులో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఒకరు అతి చిన్న ఎగిరే యంత్రాల గురించి మాట్లాడుతుంటే, ఇదే అంగారకుడి మీద ఎందుకు కుదరదని బలరామ్‌కు తోచింది. ప్రతిపాదన రాశారు, రెక్కను పల్చటి గాలిలో పరీక్షించే దాకా వెళ్లారు. డబ్బు రాలేదు. ఫైలు అటకెక్కింది. సుమారు పదిహేనేళ్లు అక్కడే ఉంది. భూమి మీద డ్రోన్లు పెరిగి, సెల్‌ఫోన్ల పుణ్యమా అని చిప్పులు, కెమెరాలు, బ్యాటరీలు తేలికై చవకయ్యాక, "అంగారకుడి మీద ఇలాంటిది కుదరదా" అని జేపీఎల్ డైరెక్టరే అడిగారు. అప్పుడు పాత ఫైలు దుమ్ము దులిపారు. బలరామ్ ఆ ప్రాజెక్టుకు చీఫ్ ఇంజనీర్ అయ్యారు.

ఖర్చు మీద కూడా మాట పడింది. హెలికాప్టర్ తయారీకి 8 కోట్ల డాలర్లు. దాన్ని మోసుకెళ్లిన పర్సెవరెన్స్ రోవర్ ప్రాజెక్టుకు 270 కోట్ల డాలర్లు. అసలు పనికి ఇది అడ్డు కాదా అన్నవాళ్లున్నారు. అందుకే హద్దు గీశారు. నెల రోజులు, ఐదు ప్రయాణాలు, అంతే.

దిగడమే అసలు పరీక్ష

తొమ్మిదో శతాబ్దంలో ఖుర్తుబాలో, అంటే ఇప్పటి స్పెయిన్‌లోని కార్డోబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఈకల రెక్కలు కట్టుకుని ఎగిరే ప్రయత్నం చేశాడని చరిత్రకారుడు అల్ మక్కరీ రాశాడు. కొంత దూరం గాలిలో వెళ్లాడట గానీ, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలింది. పక్షి తోకతో దిగుతుందన్న సంగతి అతను గమనించలేదని ఆ రాతలోనే ఉంది. చంద్రుడి మీద ఒక గుంటకు ఇప్పుడు ఆయన పేరుంది. ఎగరడం కన్నా దిగడం కష్టమన్న ఆ పాఠం వెయ్యేళ్ల తర్వాతా మారలేదు.

ఐదు ప్రయాణాల కోసం పంపిన ఇంజెన్యుటీ 72 సార్లు ఎగిరింది. దాదాపు మూడేళ్లలో మొత్తం 17 కిలోమీటర్లు తిరిగింది, రెండు గంటలకు పైగా గాలిలో ఉంది. ఒకసారి 24 మీటర్ల ఎత్తుకు వెళ్లింది. ఒకే విడతలో 704 మీటర్లు పోయింది. రోవర్‌కు ముందు నడిచి దారి చూపే పని కూడా చేసింది.

2024 జనవరి 18. డెబ్బై రెండో ప్రయాణం. 12 మీటర్లు లేచి, నాలుగున్నర సెకన్లు నిలబడి, దిగడం మొదలుపెట్టింది. నేలకు మీటరు దూరంలో సంబంధం తెగింది. తర్వాత ఫొటోలు చూస్తే రెక్కలు విరిగి ఉన్నాయి. వేరే గ్రహం మీద జరిగిన విమాన ప్రమాదంపై మొదటిసారి దర్యాప్తు చేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో తేలింది ఏమిటంటే, కింద రాళ్లు లేవు, మచ్చలు లేవు, అంతా ఒకేలాంటి ఇసుక అలలు. గుర్తుపట్టడానికి కెమెరాకు ఏమీ దొరకలేదు. గుర్తులు లేక పక్కకు ఎంత జారుతున్నదీ దానికి తెలియలేదు. పక్కవాటుగా వచ్చి వాలు మీద గట్టిగా తగిలింది. ఆ కుదుపుకు నాలుగు రెక్కలూ కొస వైపు మూడో వంతు దగ్గర తెగాయి. ఒక రెక్క ఏకంగా ఊడి సుమారు 15 మీటర్ల అవతల పడింది.

పల్చటి గాలి దాన్ని ఓడించలేదు, చలి ఓడించలేదు. కళ్లకు గుర్తులు దొరక్క పోయింది. రేపటి యంత్రాలకు ఇదే పెద్ద పాఠం. రెక్కల లెక్క తేలింది, చూపు లెక్క ఇంకా తేలాలి.

గ్రహం మారితే లెక్క మారుతుంది

ప్రతి లోకంలోనూ ఈ హిసాబ్ వేరేగా ఉంటుంది. శుక్రుడి నేల మీద గాలి ఒత్తిడి మన దగ్గరి కన్నా 90 రెట్లకు పైన, వేడి 460 డిగ్రీలు. అక్కడ గాలికి కొదవ లేదు గానీ యంత్రమే బతకదు. అందుకే 1985లో సోవియట్ యూనియన్ వేగా బెలూన్లను సుమారు 54 కిలోమీటర్ల ఎత్తులో, వేడి తక్కువున్న మేఘాల్లో వదిలింది. రెండూ ఒక్కోటి రెండు రోజుల దాకా తేలాయి.

శని గ్రహం చందమామ టైటన్ మాత్రం ఎగరడానికే పుట్టినట్టుంటుంది. గాలి మన కన్నా నాలుగు రెట్లు చిక్కన, ఆకర్షణ ఏడో వంతు. జమ వైపే రెండు అంకెలూ. కానీ చలి సున్నాకు 179 డిగ్రీల కింద, ఎండ దాదాపు లేదు, రేడియో కబురు చేరడానికే గంట పైన పడుతుంది. అక్కడికి ఎనిమిది రోటర్లతో, అణుశక్తి బ్యాటరీతో నడిచే డ్రాగన్‌ఫ్లైను నాసా సిద్ధం చేస్తోంది. 2028లో బయల్దేరి 2034లో చేరాలన్నది ఆలోచన.

ఇంజెన్యుటీ ఇప్పుడూ ఆ ఇసుకలోనే నిలబడి ఉంది. 2024 ఏప్రిల్ 16న జట్టు దానితో ఆఖరిసారి మాట్లాడింది. అంతకు ముందే దానికి ఒక పని అప్పజెప్పారు. రోజూ ఎండ రాగానే లేవాలి, ఒక ఫొటో తీయాలి, వేడి ఎంతుందో రాసుకోవాలి. ఇరవై ఏళ్ల లెక్కలు దాచుకునే జాగా దానికి ఉంది. రోవర్ దూరమైపోయింది గనుక అడిగేవాళ్లు లేరు. ఎప్పుడో ఎవరైనా అక్కడికి వెళ్తే ఆ చిట్టా చదువుకోవచ్చు.

ఈసారి చార్మినార్ దగ్గర నీలం లైటు బొమ్మ పైకి లేచినప్పుడు, పక్కనున్న పిల్లాడో పాపో "వేరే గ్రహం మీద కూడా తిరుగుతుందా" అని అడిగితే జవాబు ఉంది. తిరుగుతుంది బేటా, కానీ ఇంకా తేలిగ్గా, ఏడు రెట్ల స్పీడుగా, ఎవరూ పట్టుకోకుండా తిరగాలి. ఆ తర్వాత వచ్చే పదో ప్రశ్నకు జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు. అరవై ఏళ్ల కింద ఓ పిల్లాడి ప్రశ్నలకు వాళ్ల అంకుల్ దగ్గరా జవాబుల్లేవు. ఆయన చేసిందల్లా ఒక ఉత్తరం రాయడం.